మహాయుద్ధమున మన సామాన్య సిపాయి

చరిత్ర గ్రంథములను తెరచినచో రాజుల పేర్లు, సేనాధిపతుల పేర్లు, సంధిపత్రములపై చేవ్రాళ్లు చేసిన మంత్రుల పేర్లు పుటపుటకు కనబడును. తుపాకి మోసినవాని పేరు మాత్రము కనబడదు. అతడు "కాల్బలము" అను మాటలో కలిసిపోవును. "ఇన్నివేలమంది హతులైరి" అను లెక్కలో ఒకటియై మిగులును. అతనికిని ఒక ఊరు, తల్లి, ఆలుబిడ్డలు, కొద్దిపాటి భూమి, తీరని అప్పు ఉండెనన్న సంగతి చరిత్రకారునికి స్ఫురించుట అరుదు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధమునకు మన దేశమునుండి వెడలిన సామాన్య సిపాయి ఎట్లు చేరెను, ఏమి కట్టెను, ఏమి తినెను, ఏ కష్టములు పడెను, బ్రతికి తిరిగివచ్చిన పిమ్మట ఏమయ్యెను అను విషయములను ఈ రజతోత్సవ సంచిక పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మన పూర్వులు ఆ యుద్ధమును "జర్మనీ యుద్ధము" అనిరి. అది ఎచ్చటనో ఐరోపాలో పుట్టినను దాని మంట మన తీరమును కూడ తాకెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి "ఎండెన్" అను జర్మను యుద్ధనౌక మదరాసు రేవు చెంతకు వచ్చి ఫిరంగులు ప్రేల్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లకు నిప్పు ముట్టించి చీకటిలో మాయమయ్యెను. పట్టణవాసులు వేలకొలదిగా పల్లెలకు పరుగెత్తిరి. అరవ దేశమున నేటికిని మహా గడుసువానిని "ఎమ్డన్" అని పిలుచుట ఆ రాత్రి జ్ఞాపకమే. కాని ఆ రాత్రికి ముందే మన దేశపు సిపాయిలు ఓడలెక్కి సముద్రము దాటుచుండిరి.

తిలంగాలు

సిపాయి యనగానే మనకు పంజాబు, నేపాళము తలపునకు వచ్చును. కాని ఒకప్పుడు ఉత్తరాదిన సిపాయికి "తిలంగా" అని పేరుండెనన్న సంగతి మన వారిలో ఎందరెరుగుదురు? పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్ల వర్తక సంఘమువారు తెలుగు తీరపు యువకులను చేర్చుకొని, తమ పద్ధతి దుస్తులు తొడిగి, కవాతు నేర్పి పటాలములు కట్టిరి. 1757లో ప్లాసీ యుద్ధమున క్లైవు వెంట నడచిన వారిలో మదరాసునుండి వెళ్లిన సిపాయిలు కలరు. వారిని చూచిన బెంగాలు, హిందుస్థానము ప్రజలు "తిలంగాలు" అనిరి. అనగా తెలుగువారు అని అర్థము. పిమ్మట ఆ వేషము వేసిన ప్రతివానికిని, వాడే జాతివాడైనను, ఆ పేరే నిలిచెను.

అట్టి తెలుగువారికి పందొమ్మిదవ శతాబ్దాంతమున పటాలముల తలుపులు మూసివేయబడెను. మొదట మదరాసు సేనకు, తరువాత భారతసేనకంతకును అధిపతిగా నుండిన రాబర్ట్సు ప్రభువు మొదలగువారు కొన్ని కులములు, కొన్ని జాతులే యుద్ధమునకు తగినవని ఒక సిద్ధాంతము కల్పించిరి. దక్షిణాదివారు శాంతి మరిగి మెత్తబడిరని నిర్ణయించి మదరాసు పటాలములను క్రమముగా తగ్గించిరి. ఆ సిద్ధాంతము ఎంత నిజమో మహాయుద్ధమే తేల్చెను. యుద్ధము సాగి మనుష్యులు చాలకపోవుటతోడనే, నిన్నటివరకు యోధులు కానివారందరును యోధులైరి. యుద్ధము ముగియునాటికి పంజాబు రాష్ట్రము సుమారు 3 లక్షల 50 వేల యోధులను పంపగా, మదరాసు రాజధానినుండి 90 వేలకు పైబడి జనులు చేరిరి. వీరిలో రమారమి 40 వేలమంది ఆయుధము పట్టని కొలువులవారు.

ఏల చేరిరి?

సిపాయి జీతము నెలకు 11 రూపాయలు. ఆ కాలమున అది కూలివానికి ఆశ గొలుపునదే. కాని ప్రాణమునకు వెల యనదగినది కాదు. అయినను చేరిరి. కొందరికి అది తాతతండ్రుల వృత్తి. కొందరికి షావుకారు అప్పు. కొందరికి వానలేక ఎండిన పొలము. కొందరికి ఊరిలో లేని మర్యాద పటాలములో దొరకునన్న ఆశ. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము తలపరాదు" అను మాట వారికి వట్టి సామెత కాదు, ప్రమాణము. 1917 తరువాత ఉచిత భోజనము, చేరినవారికి బహుమానపు సొమ్ము ఏర్పరచిరి. అంతటితో చాలక, పంజాబున ఊరికి ఇంతమంది యని లెక్క కట్టి, గ్రామాధికారులపై ఒత్తిడి తెచ్చి జనులను లాగిరి. 1918లో గాంధీమహాత్ముడు సైతము గుజరాతులోని ఖేడా జిల్లాలో సైన్యమున చేరుడని గ్రామగ్రామము తిరిగెను. కొద్దికాలము క్రిందట పన్ను నిరాకరణ ఉద్యమమున తనకు బండ్లు కట్టి ఇచ్చిన జనులే అప్పుడు మొగము చాటు చేయుట చూచెను. ప్రజలు సత్యాగ్రహమును మెచ్చిరి గాని పరుల యుద్ధమును మెచ్చలేదు.

బురదలో బ్రతుకు

1914 సెప్టెంబరు 26న లాహోరు దళమువారు ఫ్రాన్సు దేశమున మార్సేల్సు రేవున దిగిరి. మీరటు దళము వెనుక వచ్చెను. ఫ్రెంచి స్త్రీలు పూలు చల్లిరి, పిల్లలు వెంట నడచిరి. కాని సిపాయి ఒంటిపై నున్నది మన ఎండకు తగిన పలుచని నూలు దుస్తు. ఉన్ని బట్టలు ఆలస్యముగా అందెను. అక్టోబరు చివర ఈప్రె పట్టణము చెంత కందకములలో దిగునప్పటికి చలికాలము తలుపు తట్టుచుండెను. మోకాలి లోతు బురద, మంచునీరు, ఎలుకలు, తల ఎత్తినచో గుండు. కాలివ్రేళ్లు చలికి నల్లబడి కుళ్లిపోయిన వారు ఎందరో.

శత్రువునకు చేతిబాంబులు, కందకములనుండి ప్రేల్చు చిన్న ఫిరంగులు కలవు. మనవారికి తొలిదినములలో అవి లేవు. ఖాళీ జాము డబ్బాలలో మందు కూరి బాంబులు చేసికొనిరి. ముళ్లతీగ కంచెలను పగులగొట్టుటకు ఇనుప గొట్టములో మందు దట్టించు సాధనమొకటి ఆ యుద్ధమున వాడుకకు వచ్చెను. దాని పేరు "బెంగుళూరు టార్పెడో". 1912లో బెంగుళూరులోని మదరాసు శాపర్ల పటాలపు అధికారి యొకడు దానిని కనిపెట్టెను. నేటికిని లోకములోని సేనలు ఆ పేరుతోనే దానిని వ్యవహరించుచున్నవి.

అక్టోబరు 31న హోలెబెక్ అను గ్రామముకడ 129వ బలూచి పటాలపు సిపాయి ఖుదాదాద్ ఖాన్, తన మరతుపాకి జట్టువారందరు కూలిపోయినను, తాను గాయపడియు, ఒంటరిగా కాల్చుచు శత్రువును నిలిపెను. 1911 వరకు భారతీయులకు అర్హతయే లేని విక్టోరియా క్రాసు పతకము మొదట ఇతనికి లభించెను. ఇతడు పంజాబులోని చక్వాలు ప్రాంతపు పల్లెటూరివాడు. 1971 వరకు జీవించెను. ఇతని పేరు నిలిచెను. ఇతనితోపాటు ఆ తుపాకివద్ద మరణించిన జట్టువారి పేర్లు ఎవరి నోటను వినబడవు.

1915 మార్చి 10 మొదలు 13 వరకు న్యూవ్ షపేల్ అను ఊరివద్ద జరిగిన దాడిలో భారతదళము సుమారు 4,200 మందిని పోగొట్టుకొనెను. మూడుదినములలో గెలిచినది ఒక ఊరు, దాని చుట్టు కొంత మాగాణి. ఏప్రిలు 26న లాహోరు దళము విషవాయువు నెదుర్కొనెను. ముసుగులు లేవు; తడిగుడ్డ ముక్కునకు అడ్డము పెట్టుకొనుటయే మార్గము. ఆ సంవత్సరాంతమున కాల్బలములను ఫ్రాన్సునుండి తరలించిరి. గుర్రపు దళములు 1918 వరకు అచ్చటనే యుండెను.

ఇదే కాలమున మదరాసు పటాలముల కథ తూర్పు ఆఫ్రికాలో నడచెను. 1914 నవంబరు తొలివారమున నేటి టాంజానియా దేశమందలి టాంగా రేవున దిగిన 8 వేల సేనలో 63వ పాలంకోట పటాలము, 61వ పయనీరు పటాలము కలవు. వారాలకొలది ఇరుకు ఓడలలో క్రిక్కిరిసి, సముద్రరోగముతో నీరసించినవారిని విశ్రాంతి లేక ఎరుగని నేలపై అడవిలోనికి తోలిరి. ఎదుట నున్నవారు వేయిమంది మాత్రమే. కాని వారు నేలయెరిగిన వారు, ముందే హెచ్చరిక పొందినవారు. పోరు మధ్య తేనెటీగల గుంపులు లేచి ఉభయులను కుట్టెను. సేన సామగ్రిని వదలి ఓడలెక్కవలసి వచ్చెను. నింద యంతయు సిపాయిపై పడెను. పథకము వేసినవారి తప్పు చాలకాలమునకు గాని బయటపడలేదు.

మాట, ముద్ర, గొంతు

సిపాయిలలో నూటికి తొంబదిమంది చదువురానివారు. చదువు వచ్చిన తోటివానిచేత జాబు వ్రాయించుకొనిరి. ఆ జాబులను దొరతనమువారు ఫ్రాన్సులో విప్పి చదివి, అభ్యంతరములైన వానిని ఆపిరి. అందుచేత సిపాయిలు గుప్తభాషను కల్పించుకొనిరి. నల్లమిరియములు అయిపోవుచున్నవి, ఎర్రమిరపకాయలు కొద్దికొద్దిగా వాడుచున్నారు అని వ్రాసినచో, నల్లమిరియమనగా భారతీయుడు, ఎర్రమిరపకాయ యనగా తెల్లవాడు అని ఇంటివారు గ్రహింపవలెను. పరీక్షాధికారులు జాబులనుండి ఎత్తివ్రాసికొన్న భాగములు లండను గ్రంథాలయమున భద్రముగా నుండుటచేతనే నేడు మనకు ఆ సిపాయి మనస్సు కొంత తెలియుచున్నది. వేగుకై చేసిన పని చరిత్రకు మేలు చేసెను!

ఆ జాబులలో చావు భయమున్నది, ఇంటి బెంగ యున్నది, గేదె ఈనినదా అను ప్రశ్న యున్నది. మరియొక విషయమును మన గ్రంథాలయ సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. ఫ్రాన్సు దేశపు పల్లెలలో రైతుబిడ్డలు, ఆడపిల్లలు సహితము, చదువుకొనుట చూచి సిపాయిలు ఆశ్చర్యపడిరి. మన బిడ్డలను బడికి పంపుడు, ఆడపిల్లలను కూడ పంపుడు అని ఎందరో ఇండ్లకు వ్రాయించిరి. అక్షరము రానివాడు కందకములో కూర్చుండి మరియొకనిచేత వ్రాయించిన మాట అది.

గాయపడినవారిని ఇంగ్లండుకు పంపిరి. బ్రైటన్ పట్టణమున రాజుగారి పూర్వపు విలాస భవనమును ఆస్పత్రిగా మార్చి, మతాచారములకు భంగము కలుగకుండ తొమ్మిది వంటశాలలు, వేరువేరు నీటి కుళాయిలు ఏర్పరచిరి. ఇది మెచ్చదగినది. కాని కొన్ని ఆస్పత్రులలో సిపాయికి ఆవరణ దాటి స్వేచ్ఛగా తిరుగుటకు అనుమతి లేకుండెను. పరామర్శకు రాజు వచ్చెను; ఎదుటి వీధికి పోవుటకు మాత్రము కాపలా. అచ్చట మరణించిన 53 మంది హిందువులను, సిక్కులను ఊరివెలుపలి గుట్టలపై దహనము చేసిరి. 1921లో ఆ చోట తెల్లని "ఛత్రి" వెలసెను.

జర్మనులకు చిక్కినవారు బెర్లినునకు దక్షిణముననున్న వూన్స్‌డార్ఫు శిబిరములో బందీలుగా నుండిరి. జర్మను పండితులు వారి భాషలను పరిశోధించుటకు గ్రామఫోను రేకులపై వారి గొంతులను పట్టిరి. 1916 డిసెంబరు 11న మల్ సింగ్ అను పంజాబీ సిపాయి తన కథను ఎవనిదో కథవలె చెప్పెను. ఒకడుండెను, హిందుస్థానమున వెన్న తినెడివాడు, ఐరోపా యుద్ధమునకు వచ్చి జర్మనులకు చిక్కెను, అతనికి హిందుస్థానమునకు పోవలెనని యున్నది, పోయినచో మరల ఆ తిండియే తినును అని దాని సారాంశము. ఆ కొద్దిపాటి మాటలో యుద్ధమంతయు ఉన్నది. ఆ గొంతు నేటికిని బెర్లినులో పదిలముగా నున్నది.

కూట్ ముట్టడి

ఫ్రాన్సు కథ నలుగురెరిగినది. కాని మనవారు అధికముగా పోయినది నేటి ఇరాకు దేశమగు మెసొపొటేమియాకు. సుమారు ఆరు లక్షల భారతీయులు, యోధులును సేవకులును కలిసి, అచ్చట పనిచేసిరి. 1915 నవంబరులో టెసిఫాన్ పోరు విఫలమైన పిమ్మట జనరల్ టౌన్‌షెండు తన సేనతో కూట్ అను పట్టణమునకు తగ్గి, డిసెంబరు 7 మొదలు తురుష్కుల ముట్టడిలో చిక్కెను. టెసిఫాన్ గాయార్తులను కుదుపు బండ్లలో, క్రిక్కిరిసిన పడవలలో దినములకొలది కట్లు మార్చువారు లేక తెచ్చిరి. దీనిపై 1917లో విచారణ సంఘము నివేదిక వెలువడగా ఇండియా మంత్రి ఆస్టిన్ చేంబర్లేను పదవి వదలెను.

కూట్‌లో రొట్టె దినదినమునకు చిన్నదయ్యెను. గుర్రములను కోసి తినవలసివచ్చెను. సిపాయిలు చాలమంది ఆచారభంగమని దానిని ముట్టరైరి. మతపెద్దల అనుమతి తెప్పించినను ఊరిలో వెలివేయుదురన్న భయము పోలేదు. ఆకుకూర లేక చిగుళ్లు వాచి, కాళ్లు చచ్చుబడి పడిపోయిరి. దాదాపు అయిదు నెలల తరువాత 1916 ఏప్రిలు 29న సేన లొంగిపోయెను. సుమారు 13 వేలమంది బందీలైరి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. సేనాధిపతిని తురుష్కులు కాన్‌స్టాంటినోపులు చెంత దీవిలోని మేడలో మర్యాదగా నుంచిరి. సిపాయి ఎడారిలో వందలమైళ్లు నడచి రైలుమార్గపు పనులలో కూలియయ్యెను. దారిలోను, పనిలోను రాలినవారు వేలు. ఒకే ఓటమి, ఒకే లొంగుబాటు. అనుభవించిన ఫలము వేరు.

ఆయుధము పట్టనివారిని కూడ మరువరాదు. నీరు మోయు భిస్తీ, డోలీ మోయువాడు, వంటవాడు, పాకీవాడు, కంచరగాడిద తోలువాడు లేనిదే సేన ఒక్కదినము నిలువదు. గుండ్లు వారిని వేరుగా చూడలేదు. కాని జీతమున తక్కువ, గౌరవమున తక్కువ. యుద్ధానంతరము యోధులకు వెండి పతకమీయగా, వీరికి అదే పతకమును కంచుతో పోసి ఇచ్చిరి.

ఇంటికి

1918 నవంబరు 11న యుద్ధము నిలిచెను. సుమారు 74 వేల భారతీయులు మరణించిరి. మిగిలినవారు ఇండ్లకు తిరిగిరి. ఏ ఇండ్లకు? ఆ యేడు జూనులో బొంబాయి రేవున దిగిన విషజ్వరము దేశమంతట వ్యాపించి కోటికి పైగా జనులను బలిగొనెను. యుద్ధమున నాలుగేండ్లు బ్రతికిన వాడు ఇంటికి వచ్చి పాడుపడిన గడప చూచుట ఆ కాలమున వింత కాకపోయెను. వానలు తప్పెను. ధరలు పెరిగెను. 1918లో మదరాసు రాజధానిలో బియ్యపు కొట్లు, బట్టల కొట్లు దోపిడులయ్యెను. 11 రూపాయల జీతగాడు కూడబెట్టినదెంత? అది నిలిచినదెంత?

రాజభక్తికి ఫలముగా స్వపరిపాలన వచ్చునని నాయకులు ఆశించిరి. వచ్చినది 1919 మార్చిలో రౌలటు చట్టము. ఏప్రిలు 13న అమృతసరమున జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగెను. ఏ పంజాబు అందరికంటె ఎక్కువ సిపాయిలను పంపెనో ఆ పంజాబులోనే! కాల్చిన చేతులు కూడ మన సిపాయిలవే యగుట మరింత దుఃఖకరము.

కాలో చెయ్యో పోయినవారికి, విధవలకు పింఛను ఏర్పాటు కలదు. కాని అక్షరము రాని విధవకు దరఖాస్తు, సాక్ష్యము, వేలిముద్ర, తాలూకా కచేరీ ఇవి యన్నియు దాటరాని యేళ్లు. "జాడ తెలియదు" అని కాగితము వచ్చిన ఇంట బొట్టు తీయవలెనో ఉంచవలెనో తెలియదు. పంజాబున కొందరికి కాలువక్రింది భూములు లభించెను. ఆ భాగ్యము అందరికిని లేదు. మాజీ సైనికుల క్షేమమునకై 1919లో ఏర్పడిన సంస్థయే నేడు కేంద్రీయ సైనిక్ బోర్డు. దాని క్రింద జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు పనిచేయుచున్నవి. 1939–45 యుద్ధమున సుమారు 25 లక్షల భారతీయులు సేవచేయగా, వారికిని వారి కుటుంబములకును ఇవి కొంత ఆసరా అయ్యెను.

పేరు, అంకె

ఢిల్లీలోని ఇండియా గేటునకు 1921లో శంకుస్థాపన జరిగి, 1931లో ఆవిష్కరణ జరిగెను. దానిపై 13 వేలకు పైగా పేర్లు చెక్కబడినవి. ఫ్రాన్సులో న్యూవ్ షపేల్ వద్ద 1927లో వెలసిన స్మారకముపై 4,700 పేర్లు కలవు. కాని ఇరాకులోని బస్రా స్మారకముపై తెల్లవారి పేర్లు, అధికారుల పేర్లు చెక్కి, సామాన్య భారతీయ సిపాయిలను పటాలమునకు ఇంతమంది యని అంకెతో సరిపెట్టిరి. ఈ భేదము అన్యాయమని స్మారకముల సంరక్షక సంఘమే 2021లో నివేదికయందు ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. నూరేండ్ల తరువాత!

మన దేశమున అనేక గ్రామములలో నాటి దొరతనమువారు చిన్న శిలాఫలకములు నాటిరి. ఈ గ్రామమునుండి ఇంతమంది మహాయుద్ధమునకు పోయిరి, అందు ఇంతమంది ప్రాణములిచ్చిరి అని మాత్రము వానిపై నుండును. ఎవరు పోయిరో ఉండదు. ఊరికి అంకె మిగిలెను, పేరు పోయెను. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము వంటి ఊళ్లు, ఇంటింటినుండి సైన్యమునకు పోయి "మిలిటరీ మాధవరము" అని పేరొందినవి, తమవారిని తాము తలచుకొనుచున్నవి. తక్కిన ఊళ్ల సంగతి ఏమి?

ఆ పతకములను చూచినవారు గమనింపవలసిన విషయమొకటి కలదు. వెండిదైనను కంచుదైనను, దాని ఒకవైపు చక్రవర్తి ముఖము పెద్దదిగా నుండును. త్రిప్పి అంచును చూచినచో సన్నని అక్షరములలో సిపాయి నంబరు, పేరు, పటాలము చెక్కియుండును. రాతిపై దొరకని పేరు ఆ అంచున దొరకును. కరవునాడు కరిగింపబడక మిగిలిన పతకము ఏ ఇంటనైన ఉన్నచో, అది ఆ కుటుంబపు శాసనమే.

గ్రంథాలయమనగా అచ్చుపడిన పుస్తకముల గది మాత్రమే కాదు. ఊరి జ్ఞాపకమును దాచు పెట్టె కూడ. ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున మన గ్రంథాలయము ఒక తెల్ల పుస్తకము తెరచునుగాక. ఊరినుండి ఏ యుద్ధమునకు పోయిన వారి పేరైనను, తండ్రి పేరు, పటాలము, నంబరు, పోయిన యేడు, వచ్చిన యేడు లేక రాని సంగతి అందు వ్రాయింతము. భిస్తీని, వంటవానిని, గాడిద తోలినవానిని విడువక వ్రాయింతము. ఇంటనున్న కార్డుముక్క, ఫోటో, పింఛను కాగితము తెచ్చి చూపించిన చందాదారులకు ఊరు ఋణపడును. బిడ్డలను చదివింపుడని కందకమునుండి కబురంపిన సిపాయికి చదువు నేర్చిన మనుమలు తీర్చుకొనదగిన ఋణము ఇదియే: అతని పేరు వ్రాసి ఉంచుట.